తెల్లటి గ్రీసు, బంగారు నిష్పత్తి, చెదరని రోమన్ కాంక్రీటు: అపోహలు - వాస్తవాలు

డంగు సున్నంతో కట్టిన పాత కట్టడాలకు మరమ్మతులు చేయించడం నా వృత్తి. అప్పుడప్పుడు ఆర్కిటెక్చర్ విద్యార్థులకు చరిత్ర పాఠాలు కూడా చెబుతుంటాను. రెండు చోట్లా గ్రీకు, రోమన్ల మాట రాక తప్పదు. దాని వెనకే వాట్సాప్‌లో తిరిగే కథలూ వస్తాయి. వాటిలో చాలావాటి మూలం ఒకటే. రెండు వేల ఏళ్ల తర్వాత మిగిలినదాన్ని చూసి, కట్టిన రోజున కూడా ఇలాగే ఉండేదని నమ్మేస్తాం.

అపోహ: గ్రీకు శిల్పమంటే మచ్చలేని తెల్ల పాలరాయి.

రంగులు వేయని శిల్పాన్ని ఆనాటి ఏథెన్స్ వాసికి చూపిస్తే, పని ఇంకా పూర్తి కాలేదని అనుకునేవాడు. జుట్టు, పెదవులు, కనుపాపలు, బట్టల అంచులు అన్నిటికీ రంగులు ఉండేవి. మట్టి రంగులు, ఇంగిలీకం ఎరుపు, ఈజిప్షియన్ నీలం వాడేవారు. ఈ నీలానికి ఒక సుగుణం ఉంది. కంటికి కనిపించనంతగా చెరిగిపోయినా, దాని మీద వెలుతురు వేసి ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో చూస్తే మెరుస్తుంది. ఏథెన్స్‌లో అక్రోపోలిస్ కొండ మీదున్న పార్థెనాన్ ఆలయపు శిల్పాల్లో ఐరిస్ దేవత నడికట్టు మీద దాని ఆనవాళ్లు 2009లో ఇలాగే బయటపడ్డాయి. రోమ్ దగ్గరి ప్రీమా పోర్తాలో 1863లో దొరికిన అగస్టస్ చక్రవర్తి విగ్రహం మీదైతే ఎరుపు, నీలం జాడలు అప్పటికే కనిపిస్తున్నాయి.

మరి ఈ తెలుపు మోజు ఎవరిది? మట్టిలో, వానలో రంగు పోయిన విగ్రహాలను చూసి మురిసిపోయిన తర్వాతి తరాల యూరప్‌ది. 1937-38లో బ్రిటిష్ మ్యూజియంలో పార్థెనాన్ శిల్పాలను ఇంకా తెల్లగా చేయాలని రాగి పనిముట్లతో గీకించారు. పాత రాతి పైపొర కొన్నిచోట్ల దాంతో పోయింది. మా వృత్తిలో ఇప్పటికీ, శుభ్రం చేయడం ఎక్కడ ఆపాలి అన్న చర్చ వస్తే మొదట చెప్పే ఉదాహరణ ఇదే.

ఇంకో సంగతి. మ్యూజియాల్లో కనిపించే పేరున్న గ్రీకు శిల్పాల్లో చాలా భాగం రోమన్ కాలపు పాలరాతి నకళ్లు. గ్రీకు శిల్పి మైరాన్ చేసిన డిస్క్ విసిరే యువకుడి విగ్రహం అసలుది కంచుది. కంచు విలువైన లోహం కాబట్టి తర్వాతివాళ్లు కరిగించేసుకున్నారు. మిగిలినవాటిలో చాలావరకు సముద్రం దాచిపెట్టినవే. 1972లో ఇటలీలోని రియాచే దగ్గర నీళ్లలోంచి తీసిన రెండు కంచు వీరుల విగ్రహాలకు పెదవులు రాగివి. ఒకరికైతే వెండి పళ్లు కూడా ఉన్నాయి.

అపోహ: పార్థెనాన్‌ను బంగారు నిష్పత్తితో కట్టారు.

డిజైన్ క్లాసుల్లో దీన్ని చంపడం నా వల్ల కావడం లేదు. ఫొటో మీద దీర్ఘచతురస్రం గీసి, దాని పొడవు వెడల్పుల మధ్య బంగారు నిష్పత్తి, అంటే సుమారు 1.618 ఉందని చూపిస్తారు. ఆ గీత మెట్ల దగ్గర ఎక్కడ మొదలవ్వాలి, ఊడిపోయిన పైకప్పు కొన ఎక్కడ ఉండేదనుకోవాలి అన్నది గీసేవాళ్ల ఇష్టం. గీత కాస్త లావుగా గీస్తే మా ఇంటి బీరువా కూడా అందులో ఇమిడిపోతుంది.

అసలు కొలతలు వేరే లెక్క చెబుతున్నాయి. స్తంభాలు నిలబడ్డ అరుగు సుమారు 69.5 మీటర్ల పొడవు, 30.9 మీటర్ల వెడల్పు. అంటే 9కి 4. ముందు భాగంలో వెడల్పుకూ, పై త్రికోణం కాకుండా ఎత్తుకూ మధ్య కూడా దాదాపు అదే 9:4. క్రీ.పూ. 447లో పని మొదలుపెట్టిన ఆర్కిటెక్టులు ఇక్టినస్, కాలిక్రాటీస్‌లు పట్టుకున్నది ఈ పూర్ణసంఖ్యల లెక్కే. రోమన్ ఆర్కిటెక్ట్ విట్రూవియస్ కూడా ఆలయాల కొలతలను చిన్న చిన్న పూర్ణసంఖ్యల్లో, సులువైన భిన్నాల్లోనే చెప్పాడు, బంగారు నిష్పత్తి ఊసే ఎత్తలేదు.

నన్నడిగితే పార్థెనాన్‌లో అబ్బురం వేరే చోట ఉంది. ఆ అరుగు సమతలం కాదు. పొడవు వైపు మధ్యలో దాదాపు 11 సెంటీమీటర్లు, వెడల్పు వైపు 6 సెంటీమీటర్లు ఉబ్బి ఉంటుంది. స్తంభాలు కొద్దిగా లోపలికి వాలి ఉంటాయి. అంటే ఒక రాయికి చెక్కిన కొలత పక్క రాయికి పనికిరాదు. లేజర్ లెవెల్ చేతిలో ఉండి కూడా ఒక గది నేలకు సరైన వాలు పెట్టలేని రోజుల్లో ఉన్నాం మనం.

అపోహ: రోమన్ కాంక్రీటు రహస్యం పోయింది, అది మన సిమెంటు కన్నా గొప్పది.

రహస్యమేమీ లేదు. నేపుల్స్ దగ్గరి పొజ్వోలీ ప్రాంతపు అగ్నిపర్వత బూడిదను సున్నంతో కలపమని విట్రూవియస్ రాసే పెట్టాడు. నీళ్లలో కట్టే పనికి రెండు వంతుల బూడిదకు ఒక వంతు సున్నం. బూడిదలోని సిలికా, అల్యూమినా సున్నంతో కలిసి నీళ్లలో కూడా గట్టిపడతాయి. హేరోదు రాజు ఇప్పటి ఇజ్రాయెల్ తీరంలో సిజేరియా రేవు కట్టినప్పుడు ఆ బూడిదను ఇటలీ నుంచి ఓడల్లో తెప్పించారు. బూడిద దొరకని చోట పెంకులు, కుండలు దంచి కలిపేవారు. మన మేస్త్రీలు డంగు సున్నంలో ఇటుక పొడి, అంటే సుర్ఖీ కలిపేదీ అదే రసాయనంతో.

పని తీరు మాత్రం వేరు. మనలా పల్చగా కలిపి సెంట్రింగ్‌లో పోసేయడం కాదు. చిక్కటి సున్నపు గచ్చు పరిచి, పిడికెడంత రాళ్లను చేత్తో పేర్చి, వరస మీద వరస వేసుకుంటూ పోయేవారు. ఆ గచ్చులో కనిపించే తెల్ల సున్నపు ఉండలను చాలాకాలం సరిగా కలపని పనితనం కింద లెక్కేశారు. పగుళ్లలోకి నీరు దిగినప్పుడు ఆ ఉండలే కరిగి పగులును పూడుస్తాయని 2023లో వచ్చిన పరిశోధన చూపించింది.

ఇక గొప్పతనం సంగతి. ఆ కాంక్రీటు నొక్కితే తట్టుకుంటుంది, లాగితే పగులుతుంది. రోమ్‌లో క్రీ.శ. 125 ప్రాంతంలో పూర్తయిన పాంథియాన్ ఆలయపు గుమ్మటం వ్యాసం 43.3 మీటర్లు. ఇనుప ఊచలు లేని కాంక్రీటు గుమ్మటాల్లో నేటికీ అదే పెద్దది. దానికీ నిలువు పగుళ్లు ఉన్నాయి. అయినా నిలిచిందంటే అది కట్టినవాళ్ల తెలివి. అడుగున సుమారు 6 మీటర్ల మందం, పైన కన్ను, అంటే నడినెత్తిన తెరిచి వదిలిన గుండ్రటి రంధ్రం దగ్గర 1.2 మీటర్లు. కింద బరువు రాళ్లు, పైకి పోయేకొద్దీ తేలికపాటి అగ్నిపర్వత రాళ్లు. మన స్లాబుల్లో ఇనుము తుప్పు పట్టి కాంక్రీటును పగలగొడుతుంది. వాళ్ల గోడల్లో ఆ బాధ లేదు. కానీ ఆ కాంక్రీటుతో మీ ఫ్లాటుకు బాల్కనీ వేలాడదీయలేరు.

కూలిపోయినవి ఎవరూ ఫొటో తీయలేదని కూడా గుర్తుంచుకోవాలి. రోమ్‌లో అద్దె మేడలు కూలుతుండేవి. అగస్టస్ చక్రవర్తి 70 రోమన్ అడుగులకు మించి కట్టకూడదని నియమం పెట్టాడు.

అపోహ: పాంథియాన్ పైకప్పు తెరిచి ఉన్నా లోపల వాన పడదు.

పడుతుంది. నేల కొద్దిగా ఉబ్బుగా ఉంటుంది, నీరు పోవడానికి రంధ్రాలున్నాయి.

అపోహ: రోమ్‌లోని క్రీడారంగం కొలోసియం గోడల్లోని గుంతలు దండయాత్రల గాయాలు.

అవి ఇనుము దొంగిలించిన చోట్లు. పెద్ద రాళ్లను ఇనుప క్లాంపులతో బిగించారు. మధ్యయుగంలో ఆ ఇనుము కోసం రాతిని తొలిచారు. 1349 భూకంపానికి దక్షిణం వైపు కూలితే, ఆ రాయి రోమ్‌లో కొత్త కట్టడాలకు వెళ్లింది.

గ్రీకులు ఈ క్లాంపుల చుట్టూ సీసం పోసేవారు, తుప్పు పట్టకుండా. 20వ శతాబ్దం మొదట్లో అక్రోపోలిస్ మరమ్మతుల్లో సీసం లేకుండా ఇనుము వాడారు. అది తుప్పుపట్టి ఉబ్బి పాలరాళ్లను చీల్చింది. 1975 తర్వాత మొదలైన పనుల్లో దాన్ని తీసేసి టైటానియం పెడుతున్నారు.

రోమ్‌లో ఎన్నో పాలరాతి విగ్రహాలు సున్నపు బట్టీల్లో కాలిపోయాయి, రాయి నుంచి సున్నం వస్తుంది కాబట్టి. మన అమరావతి స్తూపానికి జరిగిందీ అదే. 1797 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ వచ్చేసరికి, జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి కొత్త పట్నం పనులకు రాళ్లు తవ్వి తీస్తున్నారు. పల్నాటి సున్నపురాయి ఫలకాల్లో కొన్ని బట్టీకి వెళ్లాయి. మిగిలినవాటిలో 120కి పైగా ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో, పార్థెనాన్ శిల్పాలున్న భవనంలోనే ఉన్నాయి. లండన్‌లో ఉండే మనవాళ్లు ఒకే పూటలో రెండూ చూడొచ్చు.