చలికి తలదాచుకునే గూళ్లు: అపోహలు - వాస్తవాలు

కెనడాలోని విన్నిపెగ్‌లో నదులు బాగా గడ్డకట్టిన శీతాకాలాల్లో మంచు మీదే స్కేటింగ్ బాట వేస్తారు. దారిన పోయేవారు కాసేపు తలదాచుకోవడానికి దాని వెంట చిన్న గూళ్లు నిలబెడతారు. వాటి నమూనాలకు అంతర్జాతీయ పోటీ ఉంది. అలాంటి గూళ్లకు పదార్థాలు ఎంపిక చేయడం నా పని. వేడికి స్పందించే పదార్థాలు, అంటే రంగు మారేవి, వంగేవి, కరిగేవి, వాటి చుట్టూ ఉన్న అపోహలివి.

అపోహ: గోడ వేడికి స్పందిస్తే చాలు, గూడు వెచ్చగా ఉంటుంది.

వాస్తవం: మొదట కాపాడేది గాలిని ఆపే గోడ. మైనస్ 20 డిగ్రీల్లో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 33 అనిపిస్తుంది. 2011లో పట్కావ్ ఆర్కిటెక్ట్స్ సంస్థ అక్కడ పల్చటి ప్లైవుడ్‌ను వంచి గూళ్లు కట్టింది. రంగు మారేదేమీ వాటిలో లేదు. గాలికి వీపు పెట్టి గుంపుగా నిలబడటమే వాటి బలం. గాలి ఎటు వీస్తుందో చూడకుండా రంగులతో మొదలయ్యే నమూనాను నేను ఒప్పుకోను.

అపోహ: రంగు మారే పూత ఏదైనా చేయి తగిలితే మారుతుంది.

వాస్తవం: ఎక్కువగా దొరికే రకం 31 డిగ్రీల దగ్గర మారుతుంది. మంచుగడ్డ లాంటి గోడ గ్లవ్స్ తొడిగిన చేతికి అంత వేడెక్కదు. తక్కువ ఉష్ణోగ్రతకు మారే రకమే కావాలి. దాన్ని లోహం మీద పూస్తే వేడి పలకంతా పాకిపోయి ముద్ర నిలవదు. నురుగు పలక మీద పల్చగా పూయాలి. అతినీలలోహిత కిరణాలకు ఈ రంగులు వెలిసిపోతాయి కనుక లోపలి గోడకే వాడాలి. లేచి వెళ్లిన మనిషి వీపు ఆనవాలు తర్వాత వచ్చినవారికి కాసేపు కనిపిస్తుంది. ఆ పూత వాడటానికి నాకు ఆ ఒక్క కారణం చాలు.

అపోహ: కదిలే గోడకు మోటారు, బ్యాటరీ తప్పనిసరి.

వాస్తవం: అక్కర్లేదు. పైగా సున్నా డిగ్రీల కింద లిథియం బ్యాటరీని చార్జ్ చేస్తే పాడవుతుంది. రెండు వేర్వేరు లోహాలను అతికించిన ద్విలోహ పట్టీ, వేడికి అవి వ్యాకోచించడంలోని తేడాతో తనంతట తానే వంగుతుంది. ఇస్త్రీపెట్టెలో కరెంటు ఆపేది అదే. అయితే దానికి తెలిసేది తన వేడి మాత్రమే. బయట గడ్డకట్టే చలి ఉన్నా ఎండ తగిలితే విచ్చుకుంటుంది. అందుకే వెలుతురు రానిచ్చే రెక్కలకు వాడి, వాటి బయట గాలి చొరబడని పారదర్శక పలక బిగించాలి.

అపోహ: కరిగి గడ్డకట్టే మైనం వేడిని పుట్టిస్తుంది.

వాస్తవం: దాచిపెడుతుంది, అంతే. కిలో పారఫిన్ మైనంలో సుమారు 200 కిలోజౌళ్ల గుప్తోష్ణం (కరిగేటప్పుడు పీల్చుకుని గడ్డకట్టేటప్పుడు వదిలే వేడి) నిలుస్తుంది. పది కిలోలంటే ఊరికే కూర్చున్న ఒక మనిషి ఐదున్నర గంటల్లో వదిలే వేడి. కానీ అది ముందు కరగాలి కదా! ఇళ్ల గోడల కోసం అమ్మే రకాలు 20 డిగ్రీలు దాటాక కరుగుతాయి. మంచు మీద అవి శీతాకాలమంతా గడ్డగానే ఉంటాయి. 6 డిగ్రీల దగ్గర కరిగే టెట్రాడెకేన్ అనే పారఫిన్ రకాన్ని దక్షిణపు ఎండ పడే నల్లటి బెంచీలో, గాజు వెనుక పెడితే పగలు కరిగే వీలుంటుంది. అది మండే పదార్థం కనుక గట్టిగా మూసిన లోహపు డబ్బాల్లోనే నింపాలి.