కౌలు కార్డు మీద సంతకం పెడితే చేను పోతుందా? డెల్టాలో తిరిగే అపోహలు, వాస్తవాలు

ధవళేశ్వరం నుంచి కాలవలకు నీళ్లు వదిలే రోజులు దగ్గరపడితే చాలు, ఊరి సచివాలయం మెట్ల మీద ఏటా కౌల్దార్లది అదే మాట. "కార్డు మీద సంతకం పెట్టమంటే ఆసామి గారు ససేమిరా అంటున్నారండీ." ఎందుకని అడిగితే, "ఇవాళ సంతకం పెడితే రేప్పొద్దున చేను నాదంటావు అన్నారండీ." తర్వాత తల దించుకుని వెళ్లిపోతాడు. సార్వా (ఖరీఫ్ వరి) పెట్టుబడికి కౌల్దారు ఎరువుల కొట్టు దగ్గరికో, మిల్లు దగ్గరికో నడుస్తాడు.

పథకాల మీద పుకార్లు సవాలక్ష పుడతాయి. చాలావాటితో పోయేది ఒక కిస్తీ, లేదంటే ఒక రోజు కూలి. ఈ ఒక్కదానితో మాత్రం ఏడాది కష్టం వడ్డీకి పోతోంది. కాబట్టి ముందు దీని సంగతి తేలుద్దాం, మిగతావి తర్వాత.

అపోహ: సీసీఆర్‌సీ (కౌల్దారుకు ఇచ్చే పంట సాగుదారు హక్కుల కార్డు) మీద ఆసామి, అంటే భూ యజమాని, సంతకం పెడితే కౌల్దారుకు భూమి మీద హక్కు వస్తుంది.

వాస్తవం: రాదు. 2019 నాటి ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే ఈ కార్డు గడువు 11 నెలలు. అది దాటితే దానంతట అదే చెల్లదు, రద్దు చేయించడానికి ఎవరి చుట్టూ తిరగక్కర్లేదు. కార్డు ఇచ్చే హక్కు పంట మీద. అంటే పంట రుణం, బీమా, నష్టపరిహారం లాంటివి. భూమి మీద ఏ హక్కూ లేదు. పాస్ పుస్తకంలో పేరు మారదు, 1బీ (భూమి హక్కుల రికార్డు)లో పేరు మారదు.

ఈ భయం గాలిలోంచి పుట్టిందేమీ కాదు. 1956 కౌల్దారీ చట్టం, దాని తర్వాతి సవరణలు కౌల్దారుకు గట్టి రక్షణలే ఇచ్చాయి. అప్పట్లో చేను ఖాళీ చేయించలేక కోర్టుల చుట్టూ తిరిగిన కుటుంబాల కథలు ఇప్పటికీ ఇళ్లలో చెప్పుకుంటారు. తాతగారి నాటి ఆ భయాన్ని మనవడు హైదరాబాద్‌లో కూర్చుని 11 నెలల కార్డు మీద చూపిస్తున్నాడు. దానికీ దీనికీ పొంతన లేదు.

"పన్నెండేళ్లు సాగు చేస్తే చేను వాడిదే అవుతుంది" అనేది దీనికి తోడు. పన్నెండేళ్ల లెక్క ఉన్న మాట నిజమే. అయితే అది అసలు యజమానిని కాదని, అతని హక్కును ఎదిరిస్తూ, బాహాటంగా భూమిని అనుభవించినవాడి విషయం. కౌల్దారు చేలో ఉన్నది ఆసామి అనుమతితో. అనుమతితో ఉన్నవాడు ఎన్నేళ్లున్నా అది ఆ లెక్కలోకి రాదు. పైగా కౌలుకు దిగినవాడు ఆ భూమికి ఆసామి యజమాని కాడని వాదించడానికి సాక్ష్య చట్టం ఒప్పుకోదు. ఇప్పుడు చెప్పండి, కాగితం ఎవరికి రక్ష? "ఈ చేను నాది కాదు, 11 నెలలకు సాగు చేసుకుంటున్నాను" అని కౌల్దారే సంతకం చేసి ఇస్తున్నాడు. భూమి పోతుందన్న భయం ఉన్న ఆసామి అడిగి మరీ రాయించుకోవాల్సిన కాగితం ఇది. నోటి మాట మీద ఇరవయ్యేళ్లుగా నడుస్తున్న కౌలులోనే, ఏదైనా తేడా వస్తే, ఎవరి దగ్గరా రుజువు ఉండదు.

ఇంకో గొణుగుడు: కౌలు సంగతి కాగితం మీదకు వస్తే ఇన్‌కమ్ టాక్స్ వాళ్లు పడతారని. సాగు భూమి మీద వచ్చే కౌలు కూడా వ్యవసాయ ఆదాయమే, దాని మీద ఆదాయపు పన్ను లేదు.

అసలు పేచీ ఎక్కడంటే, పంట రుణం దగ్గర. ఇది పైకి ఎవరూ చెప్పరు. ఆసామి ఆ సర్వే నంబరు మీద ఇప్పటికే పంట రుణం వాడుకుంటూ ఉంటాడు, చాలాసార్లు బంగారం కూడా పెట్టి. ఒకే చేను మీద ఒకే పంటకు ఇద్దరికి బ్యాంకు రుణం ఇవ్వదు. కౌల్దారు కార్డు పట్టుకుని వెళితే తన రుణం రెన్యువల్ ఆగుతుందేమోనని ఆసామి బెంగ. అది బయటికి చెప్పలేక చేను పోతుందంటాడు. ఈ సంగతి మనసులో పెట్టుకుని మాట్లాడితే చాలా ఇళ్లలో పని జరుగుతుంది.

దారి ఇది. కార్డు కోసం తిరగడానికి ముందే మీభూమి వెబ్‌సైట్‌లో 1బీ తీసి, ఏ సర్వే నంబరు మీద రుణం భారం నమోదై ఉందో చూడండి. ఆసామికి నాలుగెకరాలు రెండు మూడు సర్వే నంబర్లలో ఉంటే, ఆయన రుణం ఉన్న నంబరు వదిలేసి మిగతాదానికి కార్డు రాయించుకోవచ్చు. కార్డులో సర్వే నంబరు, విస్తీర్ణం విడిగా రాస్తారు కాబట్టి మొత్తం కమతానికి తీసుకోవాల్సిన పని లేదు. "మీ రుణం జోలికి రానండీ, ఫలానా ఎకరం యాభై సెంట్లకే రాయండి" అంటే ఆసామి మొహం వేరుగా ఉంటుంది. కౌల్దారు తీసుకునే రుణానికి హామీ పంట. అతను కట్టకపోతే బ్యాంకు ఆసామి చేను మీదకు రాదు. ఇది కూడా స్పష్టంగా చెప్పండి, చాలామందికి తెలియదు.

కాగితం దగ్గర జరిగే పొరపాట్లు చూడండి. రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబరు స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు వచ్చింది. పాత పాస్ పుస్తకం చూసి పాత నంబరే రాస్తే బ్యాంకులోనూ, ఈ-పంట అనే పంట నమోదు రికార్డులోనూ అది దొరకదు. తండ్రి చనిపోయి కొడుకులు సాగులో ఉన్నా, 1బీలో ఇంకా తండ్రి పేరే ఉంటే ఆ సంతకం ఎవరు పెట్టాలి? ముందు వారసుల పేర్ల మీద మ్యుటేషన్ కావాలి, కార్డు ఆ తర్వాతే. డీ-పట్టా (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్) భూమి అయితే అసలు కౌలుకు ఇవ్వడమే 1977 చట్టం ప్రకారం నిషిద్ధం, దానికి కార్డు అడిగి లాభం లేదు. ఇక తేదీ. జూన్ మొదటి వారంలో ఒప్పందం రాసుకుంటే ఏప్రిల్ ఆఖరు దాకా కార్డు ఉంటుంది, సార్వాతో పాటు దాళ్వా (రబీ వరి) మాసూళ్లు, అంటే కోతలు నూర్పిళ్లు, కూడా అందులోకే వస్తాయి. నిరుటి కార్డు జిరాక్సు పట్టుకుని బ్యాంకుకు వెళ్లి తిట్లు తినేవాళ్లు ప్రతి సీజనులోనూ ఉంటారు.

సంతకం పడకపోతే ఎంత పోతుందో లెక్క వేద్దాం. బయట నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్ష తెస్తే ఆరు నెలలకు 12,000. బ్యాంకు పంట రుణం 7 శాతం, గడువులోగా కడితే 3 శాతం రాయితీ పోను 4 శాతం. అదే లక్షకు ఆరు నెలలకు 2,000. తేడా 10,000. 2025-26 మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాలుకు 2,369, అంటే 75 కిలోల బస్తా సుమారు 1,777. కాబట్టి ఆ ఒక్క సంతకం ఖరీదు అయిదున్నర బస్తాల ధాన్యం. అప్పు ఇచ్చినవాడికే ధాన్యం తోలాలన్న షరతు ఉంటే, తరుగు పేరుతో పోయేది ఈ లెక్కలో లేదు.

కార్డు ఉంటే రుణం వచ్చేసినట్టేనా? కాదు. ఈ మాట కూడా దాచకూడదు. కార్డు అర్హత ఇస్తుంది, ఇవ్వాలో లేదో బ్యాంకు చూసుకుంటుంది. పాత బకాయి ఉంటే అక్కడే ఆగిపోతుంది. రుణ పరిమితి ఎలా కడతారో తెలిస్తే అడగడం తేలిక: ఆ పంటకు ఎకరాకు ఇంత అని ఖరారైన రుణ మొత్తాన్ని (స్కేల్ ఆఫ్ ఫైనాన్స్) ఎకరాలతో హెచ్చించి, దానిపై 10 శాతం మాసూళ్ల తర్వాతి ఖర్చులకు, ఇంటి ఖర్చులకు, 20 శాతం పనిముట్ల మరమ్మతులకు కలుపుతారు. మాటవరసకు ఎకరాకు 40,000 అనుకుంటే రెండెకరాలకు 80,000, దానికి 8,000, 16,000 కలిపి 1,04,000. బీమా ప్రీమియం అదనం. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల వరకు రుణానికి తాకట్టు అడగకూడదు.

ఆసామి ఎంతకీ ఒప్పుకోకపోతే? అయిపోయిందని ఇంటికి వెళ్లిపోకండి. నోటి కౌలు రైతులు కూడా కిసాన్ క్రెడిట్ కార్డుకు అర్హులేనని నిబంధనల్లోనే ఉంది. నాబార్డ్ తెచ్చిన జాయింట్ లయబిలిటీ గ్రూపు పద్ధతి ఇలాంటివారి కోసమే: ఒకే ఊళ్లో నలుగురి నుంచి పదిమంది వరకు కలిసి, ఒకరికొకరు పూచీగా ఉండాలి. ఇందులో చిక్కల్లా ఒకటే, ఒకడు ఎగ్గొడితే మిగతావాళ్ల ఖాతాలూ ఆగుతాయి. అందుకే బావమరిది కదా అని కాకుండా, నిరుడు అప్పు తీర్చాడా లేదా చూసి మనిషిని చేర్చుకోండి.

అపోహ: ఈ-పంట సర్కారు లెక్కల కోసం, దాంతో మనకేం పని?

వాస్తవం: ధాన్యం అమ్మాలన్నా, పరిహారం రావాలన్నా, బీమా లెక్కకైనా మొదట చూసేది దాన్నే. అందులో సాగుదారుగా ఎవరి పేరుంటే డబ్బు వాళ్ల ఖాతాకే. కష్టపడి పండించి, తేమ 17 శాతం లోపుకు ఆరబెట్టి, రైతు సేవా కేంద్రానికి తోలాక, డబ్బు ఆసామి ఖాతాలో పడి, ఆ ఖాతాకు బకాయి ఉంటే బ్యాంకు జమ చేసేసుకున్నాక, లబోదిబోమని ఏం లాభం?

నమోదు సార్వాకు వేరు, దాళ్వాకు వేరు. ఒకసారి చేయించాం కదా అనుకోవద్దు. వ్యవసాయ సహాయకుడు చేలోకి వచ్చి ఫొటో తీసినంత మాత్రాన పని పూర్తికాదు. ఆ తర్వాత మీ ఈ-కేవైసీ పడాలి, అక్కడే సగం మంది ఆగిపోతారు. వేలిముద్ర పడకపోతే వేరే మార్గం అడగండి. జాబితా అతికించినప్పుడు వెళ్లి నాలుగు గడులు చూసుకోండి: సర్వే నంబరు, విస్తీర్ణం సెంట్లతో సహా, సాగుదారు పేరు, పంట రకం. స్వర్ణ రకం వరి వేస్తే బోండాలు రకం అని పడినవీ, ఎకరం ఇరవై సెంట్లు ఇరవై సెంట్లుగా పడినవీ ఉంటాయి. అభ్యంతరాల గడువులో చెబితే అయిదు నిమిషాల పని. తుది జాబితా అయ్యాక చెబితే మండల ఆఫీసు దాకా తిరగాలి.

అపోహ: నా చేను పడిపోయింది కాబట్టి బీమా వస్తుంది.

వాస్తవం: వరికి బీమా లెక్క మామూలుగా మీ చేను చూసి కట్టరు. నోటిఫై చేసిన ప్రాంతం మొత్తంలో పంట కోత ప్రయోగాల సగటు దిగుబడి పడిపోతేనే అందరికీ వస్తుంది. పక్క చేలన్నీ బాగుండి మీదొక్కటే పోతే రాకపోవచ్చు. దీనికి ఒక మినహాయింపు, కోసి పనల మీద ఆరబెట్టిన పంట తుపానుకో అకాల వర్షానికో తడిస్తే. కోసిన 14 రోజుల్లోపు అయితే విడిగా లెక్క చూస్తారు, కానీ 72 గంటల్లో తెలియజేయాలి. చేలో నీళ్లు తీసే హడావుడిలో ఈ మూడు రోజులూ గడిచిపోతాయి.

పంట నష్టపరిహారం దీనికి వేరు. 33 శాతం, అంతకు మించి నష్టం ఉంటేనే లెక్కలోకి వస్తుంది. 2022-26 విపత్తు నిధి నిబంధనల్లో నీటి వసతి ఉన్న పంటకు హెక్టారుకు 17,000, అంటే ఎకరాకు సుమారు 6,900, అదీ 2 హెక్టార్ల వరకే. "ఎకరాకు యాభై వేలంట" అని వాట్సాప్‌లో వచ్చేది ఎవరో కోరిన డిమాండు, జీవో కాదు.

అపోహ: పీఎం కిసాన్ కౌలు రైతుకు కూడా వస్తుంది, మధ్యలో ఎవరో ఆపేస్తున్నారు.

వాస్తవం: ఎవరూ ఆపడం లేదు. అది భూమి పేరున ఉన్న కుటుంబానికే, ఏడాదికి 6,000, మూడు కిస్తీల్లో. ఆసామి సీసీఆర్‌సీ ఇచ్చినా ఆయన పీఎం కిసాన్ ఆగదు, ఆ భయమూ వద్దు. 2019 ఫిబ్రవరి 1 తర్వాత చేను కొన్నవారికి రాదు, వారసత్వంగా వచ్చినవారికి మ్యుటేషన్ అయితే వస్తుంది. కిస్తీ పడకపోతే పోర్టల్‌లో మూడు చూడండి: ఈ-కేవైసీ, భూమి వివరాలు, ఆధార్‌తో బ్యాంకు ఖాతా అనుసంధానం. ఖాతాకు ఆధార్ ఇచ్చాం అంటే చాలదు, డబ్బు జమకు మ్యాపింగ్ ఏ బ్యాంకుకు ఉందో అడగాలి. పాత బ్యాంకులో పడి ఉండి రాలేదనుకునేవాళ్లు బోలెడుమంది.

అపోహ: మాఫీ వస్తుందంట, కట్టొద్దు.

వాస్తవం: గడువు దాటిన మర్నాడే పంట రుణం మీద పైన చెప్పిన 3 శాతం వడ్డీ రాయితీ పోతుంది. ఆ తర్వాత బ్యాంకు మామూలు వడ్డీ. కొత్త రుణం ఎలాగూ ఆగుతుంది.

చివరిగా, "పీఎం కిసాన్ కొత్త జాబితా" అని ఫోనుకు వచ్చే ఏపీకే ఫైలు (నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించేది). ఏ పథకానికీ అలాంటి ఫైలు పంపరు. నొక్కితే మీ మెసేజీలు, వాటితో పాటు ఓటీపీలు అవతలివాడికి వెళ్లిపోతాయి. పొరపాటున నొక్కేస్తే ముందు ఫోన్‌లో డేటా ఆపేయండి, వేరే ఫోన్ నుంచి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, మీ బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించండి. ఫోన్ శుభ్రం చేయించడం తర్వాతి పని.