జమీందారు పెట్టుబడితో జమీందారీపై సినిమా

1939లో వచ్చిన 'రైతుబిడ్డ' జమీందారీ పెత్తనాన్ని నేరుగా నిలదీసిన సినిమా. తీసింది సారథి ఫిలిమ్స్. ఆ సంస్థ వెనక ఉన్నది చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాద్! దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మం ఆయన్ని ఎలా ఒప్పించాడో అని ఇప్పటికీ ఆశ్చర్యమేస్తుంది.

రామబ్రహ్మం 1902లో కృష్ణా జిల్లా నందమూరులో పుట్టాడు. సినిమాల్లోకి రాకముందు 'ప్రజామిత్ర' పత్రిక నడిపాడు. ఆయన సినిమాలు చూస్తే ఆ సంపాదకుడే కనిపిస్తాడు. ఊళ్లో జనం దేని గురించి వాదించుకుంటున్నారో అదే ఆయనకు కథ.

అప్పుడు వాదన అంతా గుడి తలుపుల చుట్టూ. 1933-34లో గాంధీ అంటరానితనం పోవాలంటూ హరిజన యాత్ర చేశారు. 1936లో తిరువాన్కూరు సంస్థానం తన గుళ్లలోకి అందరినీ రానిచ్చింది. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం మాత్రం 1939 దాకా రాలేదు. మన తెర మీద పురాణాలు రాజ్యమేలుతున్న ఆ మధ్యకాలంలో, 1938లో, రామబ్రహ్మం 'మాలపిల్ల' వచ్చింది. ఆ పేరు ఇప్పుడు పెడితే పోస్టర్ అంటించకముందే గొడవ మొదలవుతుంది. కథ చలానిది, మాటలు తాపీ ధర్మారావువి. పాత్రలు గ్రాంథికం వదిలేసి మనుషుల్లా మాట్లాడటం అప్పటికి కొత్త. ఛాందసుడైన సుందరరామశాస్త్రి కొడుకు, కాంచనమాల వేసిన మాలపిల్ల శంపాలతను ప్రేమిస్తాడు. శాస్త్రి భార్య మంటల్లో చిక్కుకుంటే కాపాడింది ఓ హరిజనుడు. శాస్త్రి మనసు మారడానికి అంత పెద్ద ప్రమాదం కావాల్సి వచ్చిందా అని నాకు కాస్త వెలితి. బ్రాహ్మణులకు టికెట్ లేకుండా చూపిస్తామని ప్రకటించారనీ, చూసి వెళ్లి కొందరు తలస్నానం చేశారనీ ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. సినిమా మాత్రం బాగా ఆడింది.

'రైతుబిడ్డ' అంత సాఫీగా నడవలేదు. 1937 ఎన్నికల్లో పెద్ద జమీందారైన బొబ్బిలి రాజా, కాంగ్రెస్ అభ్యర్థి వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. రాజాజీ ప్రభుత్వం జమీందారీ రైతుల గోడు వినడానికి ప్రకాశం ఆధ్వర్యంలో కమిటీ వేసింది. ఎన్.జి. రంగా వంటివాళ్లు రైతుల్ని కూడగడుతున్నారు. ఆ వేడిలోంచే ఈ సినిమా పుట్టింది. మహానటుడు బళ్లారి రాఘవ రైతు నర్సిరెడ్డిగా నటించాడు. ఓటు ఎవరికి వేయాలన్న మాట దగ్గరే కథకు పీటముడి పడుతుంది. 'నిద్ర మేలుకోరా తమ్ముడా' అని కొసరాజు పాట. జమీందార్లు మండిపడ్డారు, కొన్ని జిల్లాల్లో నిషేధం పడింది. దెబ్బ గట్టిదే. అంటరానితనం మీద మాట్లాడితే మనసు మారాలంటారు, భూమి మీద మాట్లాడితే మాత్రం ఆస్తి కదులుతుంది. తేడా అక్కడే ఉందనుకుంటాను. జమీందారీ రద్దు చట్టం 1948లో గానీ రాలేదు.

ఆ తర్వాత 'ఇల్లాలు', 'అపవాదు', 'పత్ని', 'పంతులమ్మ' వచ్చాయి. దృష్టి ఇంటివైపు, ఆడవాళ్ల బతుకువైపు మళ్లింది. 'రైతుబిడ్డ'లోని కోపం మళ్లీ అంత సూటిగా కనిపించలేదు.

చివరగా చేపట్టింది 'పల్నాటి యుద్ధం'. అన్ని కులాలనూ ఒక్క చాప మీద కూర్చోబెట్టి చాపకూడు తినిపించిన బ్రహ్మనాయుడి కథ. సినిమా మధ్యలో ఉండగానే 1946లో రామబ్రహ్మం కన్నుమూశాడు. ఎల్.వి. ప్రసాద్ పూర్తి చేస్తే 1947లో విడుదలైంది. అందులో బ్రహ్మనాయుడిగా వేసింది గోవిందరాజుల సుబ్బారావు, 'మాలపిల్ల'లో గుడి తలుపులకు అడ్డం నిలబడ్డ సుందరరామశాస్త్రి ఆయనే.