జీఐ బిల్ ఉంటే కాలేజీ మొత్తం ఫ్రీనా? అపోహలు - వాస్తవాలు

అమెరికా మిలిటరీలో చేసినవాళ్ళ చదువుకి గవర్నమెంట్ డబ్బిచ్చే పథకమే జీఐ బిల్. నేను అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో వెటరన్స్ (మాజీ సైనికుల) ఆఫీసులో పనిచేస్తా. మిలిటరీ నుంచి బయటికొచ్చి మళ్ళీ చదువులో చేరేవాళ్ళు ఏ క్లాసులు తీసుకున్నారో వీఏకి, అంటే ఆ డబ్బిచ్చే వెటరన్స్ శాఖకి, పంపే సీటు నాది. మావ్నీ (గ్రీన్‌కార్డ్ లేని విదేశీయుల్ని కూడా చేర్చుకున్న పాత పథకం) దారిలో ఆర్మీలో చేరిన మన తెలుగు కుర్రాళ్ళూ వస్తుంటారు, అందరూ దాదాపు ఇవే మాటలతో వస్తారు.

అపోహ: సర్వీస్ చేశా కదా, ట్యూషన్ మొత్తం వాళ్ళే కడతారు.
వాస్తవం: ఎన్నాళ్ళు యాక్టివ్ డ్యూటీ (ఫుల్‌టైమ్ సర్వీస్) చేశారన్నదే లెక్క. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత సర్వీస్ చేసినవాళ్ళకిచ్చే పోస్ట్ 9/11 జీఐ బిల్‌లో 90 రోజులకి 50 శాతం, 36 నెలలు నిండితే 100. నేషనల్ గార్డు (పార్ట్‌టైమ్ సైన్యం)లో నెలకో వీకెండ్ చేసే మామూలు డ్రిల్ ఇందులో కలవదు. వచ్చేది కూడా మామూలుగా 36 నెలల చదువుకే, ఏడాదికి తొమ్మిది నెలలేసుకుంటే డిగ్రీకి సరిగ్గా సరిపోద్ది, మధ్యలో మేజర్ (మెయిన్ సబ్జెక్టు) మార్చారంటే ఆఖర్లో జేబుకి చిల్లే.

అపోహ: వేరే స్టేట్ నుంచి వచ్చా, అవుటాఫ్ స్టేట్ ఫీజు తప్పదు.
వాస్తవం: తప్పుద్ది! 2014లో వచ్చిన చట్టం ప్రకారం జీఐ బిల్ వాడే వెటరన్ ఆ స్టేట్‌లో ఉంటుంటే చాలు, గవర్నమెంట్ కాలేజీ ఇన్‌స్టేట్ రేటే, అంటే ఆ స్టేట్ వాళ్ళకేసే తక్కువ ఫీజే, వెయ్యాలి. డిశ్చార్జ్ అయిన మూడేళ్ళలోపే చేరాలన్న షరతు ఉండేది, 2021 ఆగస్టు నుంచి అదీ పోయింది. కానీ బిల్లు వేసే కంప్యూటర్‌కి మీ పాత అడ్రసే తెలుసు కాబట్టి, ఎలిజిబిలిటీ సర్టిఫికెట్, అద్దె అగ్రిమెంటు పట్టుకుని ముందే ఆఫీసుకి రండి, కట్టేశాక వెనక్కి రప్పించుకోవడం పెద్ద తలనొప్పి. ప్రైవేటు కాలేజీల్లో అయితే ఏడాదికి ఇంతేనని సీలింగ్ ఉంది.

అపోహ: కష్టంగా ఉంటే క్లాస్ డ్రాప్ చేస్తే సరి.
వాస్తవం: ఎక్కువమంది మునిగేది ఇక్కడే. మొన్నామధ్య ఒకబ్బాయి 12 క్రెడిట్లలో మూడు క్రెడిట్ల కాలిక్యులస్ ఎనిమిదో వారంలో వదిలేశాడు, నాకు ఒక్క ముక్క చెప్పలేదు, తర్వాత వీఏ నుంచి బాకీ లెటర్ చేతిలో పెట్టుకుని "అక్కా, నేనెప్పుడు అప్పు చేశా?" అంటాడు. మొదటిసారి ఆరు క్రెడిట్ల దాకా చూసీచూడనట్టు వదిలేస్తారు, ఇతను అది పోయినేడే వాడేసుకున్నాడు. సరైన కారణం చూపించలేకపోతే ఆ క్లాసుకిచ్చింది సెమిస్టర్ మొదటిరోజు నుంచీ లెక్కేసి అడుగుతారు, అద్దెకని వీఏ ఇచ్చే హౌసింగ్ డబ్బుల్లో కోత కూడా. డ్రాప్ బటన్ నొక్కేముందు ఒక ఫోన్ కొట్టండి బాబూ.

అపోహ: రిటైరయ్యాక నా జీఐ బిల్ మా పాప పేరుకి రాసేస్తా.
వాస్తవం: కుదరదు. సర్వీస్‌లో ఉండగానే, ఆరేళ్ళు నిండాక, ఇంకో నాలుగేళ్ళు చేస్తానని ఒప్పుకుంటేనే.

అపోహ: హౌసింగ్ డబ్బులు నెలనెలా జీతంలా పడతాయి.
వాస్తవం: సెమిస్టర్ల మధ్య సెలవులకి పైసా రాదు. డిసెంబర్ సగం, జనవరి సగం అద్దెకి ఇప్పటినుంచే పక్కన పెట్టుకోండి.