కాఫ్కా రాతప్రతుల వివాదం: మాక్స్ బ్రోడ్ జీవితంలో దాని మూలాలు

రచయిత మాక్స్ బ్రోడ్ దాచిన కాగితాలు జెరూసలేంలోని జాతీయ గ్రంథాలయానికే చెందాలని ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు 2016 ఆగస్టులో తీర్పు చెప్పింది. బ్రోడ్ కన్నుమూసి అప్పటికి 47 ఏళ్లు దాటాయి. వాటిలో ఆయన స్నేహితుడు, జర్మన్‌లో రాసిన ప్రసిద్ధ రచయిత ఫ్రాంజ్ కాఫ్కా రాతప్రతులు ఉండడం వల్లనే ఈ తగవు ప్రపంచం దృష్టికి వచ్చింది గానీ, అది ఎలా పుట్టిందో తెలియాలంటే బ్రోడ్ జీవితాన్నే చూడాలి.

ఆయన 1884లో ప్రాగ్‌లో, జర్మన్ మాట్లాడే యూదు కుటుంబంలో పుట్టారు. 1907లో న్యాయశాస్త్రంలో డాక్టరేట్ పొంది, తపాలా శాఖలో ఏళ్ల తరబడి పనిచేస్తూనే జర్మన్‌లో నవలలు, కవితలు, విమర్శ రాశారు. తన రచనల కన్నా ఇతరుల రచనల కోసం ఎక్కువ శ్రమించిన అరుదైన మనిషి ఆయన. చెక్ స్వరకర్త యానాచెక్ రాసిన 'యెనూఫా' సంగీత నాటకాన్ని ఆయన జర్మన్‌లోకి అనువదించారు. 1918లో వియన్నాలో ఆ అనువాదంతోనే ప్రదర్శన జరిగింది, యానాచెక్ పేరు చెక్ నేల దాటి వినిపించడానికి అది పెద్ద ఊతమైంది.

కాఫ్కాతో స్నేహం 1902లో, విద్యార్థి దశలోనే మొదలైంది. 1924లో కాఫ్కా మరణించాక, తన రాతలన్నిటినీ చదవకుండా తగలబెట్టమని ఆయన బ్రోడ్‌కు రాసిపెట్టిన చీటీలు బయటపడ్డాయి. చట్టం చదివిన బ్రోడ్‌కు చివరి కోరిక విలువ తెలియనిది కాదు. ఆ పని చేయనని తాను కాఫ్కాకు ముందే ముఖం మీద చెప్పానని, నిజంగా పట్టుదల ఉంటే ఆయన ఆ బాధ్యతను మరొకరికి అప్పగించేవారని బ్రోడ్ వాదించారు. ఆ వాదనలో బలముందని నా నమ్మకం. 1925 నుంచి 1927 వరకు ఏటా ఒకటి చొప్పున కాఫ్కా అసంపూర్ణ నవలలు మూడూ ఆయన చేతుల మీదుగా వెలువడ్డాయి.

జర్మన్ సేనలు ప్రాగ్‌లో ప్రవేశించడానికి కొన్ని గంటల ముందు, 1939 మార్చి 14 రాత్రి, బ్రోడ్ భార్యతో కలిసి ఆ రాతప్రతులున్న పెట్టెతో రైలెక్కి, పాలస్తీనా చేరుకున్నారు. వెనుక మిగిలిన కాఫ్కా ముగ్గురు చెల్లెళ్లు, బ్రోడ్ తమ్ముడు నాజీల చేతిలో బలయ్యారు.

టెల్ అవీవ్‌లో హబీమా నాటకశాలలో పనిచేస్తున్న కాలంలో తన కార్యదర్శి ఎస్తేర్ హోఫేకు ఆయన కాఫ్కా ప్రతులను దానంగా రాసిచ్చారు. కానీ 1961 నాటి వీలునామాలో, తన సాహిత్య సంపదను జెరూసలేం గ్రంథాలయం వంటి ఏదైనా ప్రజా సంస్థలో భద్రపరచాలని కోరారు. ఈ రెండు పత్రాలకూ పొత్తు కుదరకపోవడమే అసలు చిక్కు. 1968లో ఆయన మరణించారు. ఆస్తిపై హోఫేకు జీవితకాలం హక్కుందని 1974లో ఒక కోర్టు చెప్పింది; 1988లో 'విచారణ' నవల రాతప్రతిని ఆమె లండన్ వేలంలో పది లక్షల పౌండ్లకు అమ్మారు, అది జర్మనీలోని మార్బాఖ్ సాహిత్య భాండాగారానికి చేరింది. 2007లో ఆమె మరణించాక, మిగిలిన కాగితాలు వారసత్వంగా కుమార్తెలకు దక్కాలా, బ్రోడ్ వీలునామా ప్రకారం గ్రంథాలయానికి చేరాలా అన్న వ్యాజ్యం కింది కోర్టుల నుంచి పైదాకా నడిచింది. తీర్పు తర్వాత 2019లో జ్యూరిక్ బ్యాంకు లాకర్లలోని కాగితాలు కూడా జెరూసలేం చేరాయి. కాఫ్కా మేనకోడళ్లకు చెందిన పెద్ద భాగం మాత్రం 1961 నుంచి ఆక్స్‌ఫర్డ్‌లోనే ఉంది.