పెచ్చు లేవకుండా పెద్ద బెజ్జం

మానిటర్ వైర్లు బల్ల వెనక వేలాడుతుంటే చూడలేక, బల్ల మధ్యలోంచే కిందికి దించుదామని ఒక ఆదివారం నాకు బుద్ధి పుట్టింది. బల్ల 19 మి.మీ. ప్లైవుడ్, పైన టేకు వెనీర్, అంటే పలచటి చెక్క పొర. ప్లగ్గు దూరాలంటే కనీసం 32 మి.మీ. బెజ్జం కావాలి. హార్డ్‌వేర్ షాపులో అడిగితే ఫ్లాట్ బిట్ ఇచ్చారు. గరిటెలా పలచగా ఉండే ఉక్కు రేకు, మధ్యలో సూదిలా పొడుగ్గా ఒక ముక్కు, అంతే. బల్లని పక్కకి పడుకోబెట్టి, కొలతలన్నీ అడుగు వైపు గీసుకున్నాను కాబట్టి అడుగు వైపు నుంచే మొదలుపెట్టి, ట్రిగ్గర్ పూర్తిగా నొక్కేసి, భుజం ఆనించి నెట్టాను. కాసేపు బాగానే దిగింది. తర్వాత ఫట్‌మని ఒక చప్పుడు, డ్రిల్లు ఒక్కసారిగా ముందుకి దూకింది. ఇవతలికి వచ్చి చూస్తే బెజ్జానికి ఒక వైపు అర అంగుళం, ఇంకో వైపు వేలెడు పొడవున వెనీరు పేడులా చీలి లేచిపోయి ఉంది.

రెండు వారాల తర్వాత వార్డ్‌రోబ్ తలుపులు బిగించడానికి వచ్చిన మేస్త్రి దాన్ని వేలితో తడిమి చూసి, "వెనక చెక్క పెట్టలేదా సార్?" అన్నాడు.

"చెక్కకి మళ్ళీ చెక్క పెట్టడమేంటి మేస్త్రీ?"

నవ్వి ఊరుకున్నాడు. తన పనిలో పడి, ఒక తలుపుకి హింజ్ కోసం 35 మి.మీ. బెజ్జం వేశాడు. నేను పక్కనే కూర్చుని చూశాను. బిట్టు చెక్కని తాకగానే ముందు ఒక సన్నటి గుండ్రటి గీత పడింది, కంపాస్‌తో గీసినట్టు. ఆ తర్వాతే లోపలి చెక్క లేవడం మొదలైంది. చిత్రిక పట్టినప్పుడు వచ్చే లాంటి చుట్టలు, చిన్నవి. అంచు మీద వేలు పెట్టి తిప్పితే ఎక్కడా గుచ్చుకోలేదు.

నా బెజ్జానికీ అతని బెజ్జానికీ ఉన్న తేడా చాలావరకు ఆ మొదటి గీతలోనే ఉంది. దాని సంగతి తెలుసుకుందామని తవ్వడం మొదలుపెడితే, చెట్టు దగ్గరికే వెళ్ళాల్సి వచ్చింది.

చెక్క ఇనుములా అన్ని వైపులా ఒకేలా ఉండే పదార్థం కాదు. చీపురు కట్ట అనుకోండి. పుల్లల్ని ఒకదాన్నుంచి ఒకటి విడదీయడం తేలిక, కట్టనంతా అడ్డంగా విరవాలంటే చచ్చే పని. చెట్టులో ఆ పుల్లల స్థానంలో సన్నటి గొట్టాల్లాంటి కణాలు ఉంటాయి, గోడలు సెల్యులోజ్‌తో, వాటిని పట్టి ఉంచేది లిగ్నిన్. నిలువునా పట్టి లాగితే చెక్క చూపించే బలానికీ, అడ్డంగా లాగితే చూపించే బలానికీ తేడా చాలా కలపల్లో ఇరవై రెట్లకి పైనే ఉంటుంది. కట్టెలు కొట్టేటప్పుడు గొడ్డలి నిలువునా ఎందుకు దించుతామో తెలియనివాళ్ళు ఉండరు కదా, అదే లెక్క.

ఇప్పుడు ఈ చెక్క మీద ఒక గుండ్రటి బెజ్జం ఊహించుకోండి, గడియారం ముఖంలా. పీచు 12 నుంచి 6 వైపు నిలువుగా పోతోంది. బిట్టు అంచు 3 దగ్గరా 9 దగ్గరా పీచు వెంబడే జారుతుంది, అక్కడ పెద్ద గొడవ లేదు. 12 దగ్గరా 6 దగ్గరా మాత్రం పీచుకి అడ్డంగా వెళ్తుంది, ఒక్కో పోగునీ తెంపుకుంటూ పోవాలి. అంటే ఒక్క చుట్టులోనే బిట్టు రెండుసార్లు చీపురు పుల్లల్ని విడదీస్తుంది, రెండుసార్లు విరుస్తుంది. బెజ్జం లోపలి పీచుని పైకి లేపే ముందు 12, 6 దగ్గర రెండు కొసలూ తెగి ఉండాలి. తెగకపోతే? లోపలి ముక్కతో పాటు బయట ఉన్న పీచు కూడా లేస్తుంది, బలహీనమైన దారి వెంబడి ఎంత దూరం పోవాలో అంత దూరం పోయి ఆగుతుంది. నా బల్ల మీద చీలిక ఒకదానికొకటి ఎదురెదురుగా రెండు వైపులే రావడం అందుకే. ప్లైవుడ్‌లో పొర పొరకీ పీచు దిక్కు 90 డిగ్రీలు మారుతుంది, లోపలి పొరల్లో ఏం జరిగినా మనకి కనబడదు, పరువు పోయేది పై వెనీరు దగ్గరే.

ఇంట్లో అందరి డ్రిల్లుతోనూ వచ్చే మెలికల బిట్టు ఈ పనికి ఎందుకు పనికిరాదో ఇక్కడ తెలిసిపోతుంది. 1863లో అమెరికాలో స్టీఫెన్ మోర్స్ అనే ఆయన దానికి పేటెంటు తీసుకున్నాడు, అది ఇనుము కోసం పుట్టిన వస్తువు. దాని మొన సాధారణంగా 118 డిగ్రీల కోణంలో శంకువులా ఉంటుంది, ముందు మధ్యభాగం తాకుతుంది, అంచు అన్నిటికంటే చివర దిగుతుంది. ఇనుముకి పీచు లేదు కాబట్టి ఏది ముందైనా ఫరవాలేదు. చెక్కలో మాత్రం వరస తిరగబడినట్టే, ముందు లేపి తర్వాత కోస్తుంది. ఆరు, ఎనిమిది మి.మీ. బెజ్జాల్లో ఆ పెచ్చు చిన్నది కాబట్టి స్క్రూ తల కింద దాక్కుంటుంది. బెజ్జం పెద్దదయ్యేకొద్దీ దాచడానికి ఏమీ ఉండదు.

చెక్క కోసం పుట్టిన బిట్లన్నీ ఈ వరసని సరిచేయడానికి పడ్డ తంటాలే. ఆగర్ బిట్‌లో రెక్కల చివర గోళ్ళలాంటి రెండు కత్తులు ఉంటాయి, ముందు అవి గీత గీస్తాయి, వెనక రెక్కలు లేపుతాయి. మధ్యలో చిన్న మరమేకు మొన ఉండి బిట్టుని దానంతట అదే లోపలికి లాక్కుపోతుంది. 1855లో రస్సెల్ జెన్నింగ్స్ పేటెంటు చేయించుకున్న రకం చేత్తో గుండ్రంగా తిప్పే బ్రేసు రోజుల్లో చాలా పేరు తెచ్చుకుంది. దూలాలకీ, మందపాటి గుమ్మాలకీ, అడుగు లోతు బోల్టు బెజ్జాలకీ ఇప్పటికీ ఇదే మంచిది. కాకపోతే కరెంటు డ్రిల్లుకి తగిలించి ఫుల్ స్పీడ్ పెడితే ఆ మొన లాగే లాగుడుకి మణికట్టు మెలి తిరుగుతుంది, జాగ్రత్త.

హింజ్ బెజ్జానికి ఆగర్ పనికిరాదు, ఫ్లాట్ బిట్ అంతకన్నా పనికిరాదు. తలుపు మందం 18 మి.మీ. అనుకుంటే హింజ్‌కుండే గుండ్రటి గిన్నె కూర్చోవడానికి 12 మి.మీ. దాకా లోతు కావాలి, మిగిలేది 6. ఫ్లాట్ బిట్ ముక్కు ఒక్కటే అంతకన్నా పొడుగు, తలుపు ముందు వైపు లామినేట్‌లోంచి బయటికి తొంగి చూస్తుంది. అడుగు బల్లపరుపుగా ఉండాలి, మధ్యలో మొన పేరుకి మాత్రమే ఉండాలి. ఇది తీర్చినవాడు బెంజమిన్ ఫోర్స్ట్‌నర్. అమెరికాలో ఆరెగన్ రాష్ట్రంలోని సేలంలో ఉండేవాడు, తుపాకులు చేసే పనివాడు, 1874లో పేటెంటు తీసుకున్నాడు. తుపాకి చెక్కలో లోహపు భాగాలు కూర్చోబెట్టడానికి చదునైన అడుగుతో, అంచు చెదరని గుంటలు కావాలి కదా.

ఆయన ఆలోచన ఎంత తేలికో అంత తెలివైనది. బిట్టు చుట్టూ గుండ్రటి కత్తి అంచు, అంటే బిస్కెట్లు కోసే అచ్చులాంటిది, లోపల రెండు చిత్రిక కత్తులు. గుండ్రటి అంచు పీచుని కోస్తుంది, లోపలి కత్తులు దాన్ని చెక్కి లేపుతాయి. ఇందులో అసలు కిటుకు ఇంకోటి ఉంది. మిగతా బిట్లన్నీ మధ్య మొన పట్టుకుని నడుస్తాయి, మధ్యలో చెక్క లేకపోతే దారి తప్పుతాయి. ఇది తన అంచునే ఆధారం చేసుకుని నడుస్తుంది. అందుకే ఒక బెజ్జం మీదికి సగం ఎక్కేలా ఇంకో బెజ్జం వేయొచ్చు, పలక అంచు మీద అర్ధచంద్రాకారంలో వేయొచ్చు, ఏటవాలుగా కూడా దించొచ్చు, కాకపోతే డ్రిల్ స్టాండ్ మీద పెట్టి చేయాలి, చేత్తో అయితే ఎగిరి పక్కకి పోతుంది. ఇక్కడ షాపుల్లో హింజ్ బిట్ అని అమ్మేది దీనికి చుట్టం, అచ్చంగా ఇదే కాదు. దానికి చుట్టూ అంచు ఉండదు, ఉక్కు కన్నా గట్టిదైన కార్బైడ్‌తో చేసిన గోళ్ళు రెండు ఉంటాయి. ప్లైవుడ్ పొరల మధ్య గట్టిపడిన జిగురు మామూలు ఉక్కుని తొందరగా మొద్దుబారుస్తుంది, కార్బైడ్ పెట్టడం అందుకే. టేకులో సిలికా ఉంటుంది, ఇసుకలో ఉండేదే, రంపాలకీ బిట్లకీ అదో పరీక్ష.

ఇక స్పీడు సంగతి. నా డ్రిల్లు నిమిషానికి 2800 చుట్లు తిరుగుతుంది. 6 మి.మీ. బిట్టు పెడితే దాని అంచు నిమిషంలో 53 మీటర్లు ప్రయాణిస్తుంది. అదే డ్రిల్లుకి 32 మి.మీ. బిట్టు పెడితే 281 మీటర్లు. చుట్లు అవే, అంచు పరుగు అయిదు రెట్లు పైగా. పెద్ద బిట్టు అంచు చిన్న బిట్టు అంచు వేగంతోనే నడవాలంటే 525 చుట్లకి దించాలి. ట్రిగ్గర్ పూర్తిగా నొక్కడం తప్ప ఇంకేమీ తెలియని నాలాంటివాడికి ఇది ఎవరూ చెప్పలేదు. పైగా తీయాల్సిన చెక్క 28 రెట్లు ఎక్కువ, కాబట్టి మెలితిప్పే బలం కూడా చాలా కావాలి. తక్కువ గేర్ ఉన్న డ్రిల్లు, పక్క హ్యాండిల్ ఇందుకే.

ఎక్కువ స్పీడుతో ఇంకో చిక్కు వేడి. చెక్క వేడిని లాక్కోదు, వేడంతా బిట్టులోనే ఉండిపోతుంది. ఫోర్స్ట్‌నర్ బిట్టు అంచు చుట్టూ చెక్కని రాసుకుంటూనే ఉంటుంది కాబట్టి దానికి ఈ బాధ మరీ ఎక్కువ, పెద్ద సైజుల్లో అంచుకి రంపం పళ్ళు పెట్టేది రాపిడి తగ్గించడానికే. కార్బన్ ఉక్కు అంచు నీలం రంగుకి తిరిగిందంటే 300 డిగ్రీల దాకా వెళ్ళొచ్చినట్టు, ఆ పదును మళ్ళీ రాదు. చుట్టలు రాలుతుంటే బిట్టు కోస్తోంది, పిండిలాంటి పొట్టు రాలుతూ మాడు వాసన వస్తుంటే రుద్దుతోంది. అప్పుడు ఇంకా గట్టిగా నెట్టబుద్ధేస్తుంది. ఆపి, బిట్టు పైకి తీసి, పొట్టు దులిపి మళ్ళీ దించాలి.

పాతకాలపు బరమా గుర్తొచ్చింది. విల్లుకి కట్టిన తాడు చుట్టి ముందుకీ వెనక్కీ లాగుతుంటే తిరిగే సాధనం. ఇది ఎంత పాతదంటే, బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో 7500 నుంచి 9000 ఏళ్ళ కిందటి మనుషుల పళ్ళకి చెకుముకి రాతి మొనలతో వేసిన బెజ్జాలు దొరికాయి, విల్లుతోనే తిప్పి ఉంటారని పరిశోధకుల అంచనా. చెక్క దగ్గరికొస్తే బరమాకి ఒక పరిమితి ఉంది. అది ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి తిరుగుతుంది, కాబట్టి దాని మొన రెండు వైపులా గీకేలా ఉండాలి, ఒక వైపుకి పదును పెట్టిన కత్తి అందులో సగం సమయం వెనక్కి నడుస్తుంది. ఒకే దిక్కుకి ఆగకుండా తిరిగే బ్రేసు యూరప్‌లో 15వ శతాబ్దం నాటికి కనిపిస్తుంది. అది వచ్చాకే గోళ్ళూ రెక్కలూ ఉన్న పెద్ద బిట్లకి అర్థం ఏర్పడింది. అంతవరకూ పెద్ద కన్నం అంటే చాలా చోట్ల ఉలి పనే.

వెనక పెట్టే చెక్క విషయానికొస్తే, చెరకు గడ కోసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. కత్తి సగానికి దించి చేత్తో విరిస్తే చివర మిగిలిన తొక్క తెగదు, జానెడు పొడవున లేచి వస్తుంది. బిట్టు అవతలి వైపుకి చేరుతున్నప్పుడు మిగిలేది ఒకటి రెండు మిల్లీమీటర్ల పొర. దాని వెనక గాలి తప్ప ఏమీ లేదు, మన భుజం బరువు మాత్రం అలాగే ఉంది. కత్తి కోసే లోపే ఆ పొర వంగి చీలిపోతుంది. వెనక పనికిరాని చెక్క ముక్క ఒకటి గట్టిగా బిగిస్తే పొర వంగడానికి చోటుండదు, బిట్టుకి అది ఇంకా చెక్క మధ్యలాగే అనిపిస్తుంది. లేదంటే ముక్కు కొస అవతల కనబడగానే ఆపి, ఆ చుక్కలోంచి రెండో వైపు నుంచి వేయాలి. టేపు అంటిస్తే చాలని చాలామంది చెబుతారు, నేనూ అంటించి చూశాను, పొర వంగకుండా ఆపే బలం దానికెక్కడిది.

నా బల్లని మేస్త్రి ఆ రోజే సరిచేశాడు. 60 మి.మీ. ప్లాస్టిక్ మూత ఒకటి దొరుకుతుంది, వైర్లకి చీలిక ఉన్నది, దానికి సరిపడా బెజ్జం పెద్దది చేద్దామన్నాడు. హోల్ సా తీశాడు, పళ్ళున్న గిన్నెలాంటిది. 60 మి.మీ. గుండ్రాన్నంతా పొట్టు చేయకుండా 3 మి.మీ. గాడి మాత్రమే కోస్తుంది, అంటే తీసే చెక్క మొత్తంలో అయిదో వంతు. కానీ దాని మధ్య ఉండే చిన్న బిట్టు పట్టుకోవడానికి నా బల్లలో మధ్య అన్నదే లేదు, అక్కడ 32 మి.మీ. ఖాళీ. ఇప్పుడెలా అనుకుంటుంటే, ఒక ప్లైవుడ్ ముక్కకి ముందు 60 మి.మీ. బెజ్జం వేసి, దాన్ని బల్ల మీద సరిగ్గా పెట్టి సి క్లాంపులతో బిగించాడు. కింద ఇంకో ముక్క. మధ్య బిట్టు ఊడదీసేసి, పైముక్క బెజ్జంలోంచే హోల్ సా దించాడు, చిన్న గేర్‌లో, మధ్యమధ్య పైకి తీసి పొట్టు దులుపుతూ. నూట యాభై ఏళ్ళ కిందటి తుపాకి పనివాడి ఉపాయం, మధ్యని వదిలేసి అంచుని పట్టుకుని నడవడం. ఆయన పేరు మేస్త్రికి తెలుసో లేదో నేను అడగలేదు.

క్లాంపులు విప్పితే మధ్యలో చిల్లున్న గారెలా ఒక చెక్క ముక్క చేతిలోకి ఊడొచ్చింది. అర అంగుళం చీలిక ఆ గారెలోనే పోయింది. రెండో వైపు చీలికలో మాత్రం కొంత బయట మిగిలింది, టేకు పొట్టు ఫెవికాల్‌లో కలిపి నింపి గరుకు కాగితంతో రుద్దాడు. మూత బిగించాక కూడా దాని అంచు కిందనుంచి చిన్న ముదురు గీత ఒకటి కనిపిస్తూనే ఉంటుంది, కీబోర్డు కొంచెం ఎడమకి జరిపి పెట్టుకుంటున్నాను.