గేమ్‌బాయ్ మళ్లీ రావాలా?

2025 అక్టోబరులో లెగో కంపెనీ 421 ముక్కల గేమ్‌బాయ్ బొమ్మను అమ్మకానికి పెట్టింది. గేమ్‌బాయ్ అంటే జపాన్ కంపెనీ నింటెండో చేసిన, చేతిలో పట్టుకుని ఆడే పాత వీడియో గేమ్ యంత్రం. ముక్కలన్నీ కూర్చితే దాదాపు అసలు యంత్రమంతే ఉంటుంది. వెనక కార్ట్రిడ్జ్ (గేమ్ ఉండే చిన్న డబ్బీ) కూడా దూర్చుకోవచ్చు. చూడ్డానికి ముచ్చటగా ఉంది, ఆడటం మాత్రం కుదరదు. గేమ్‌బాయ్‌కి 2019లో ముప్పై ఏళ్లు, 2024లో ముప్పై అయిదేళ్లు నిండాయి. నింటెండో దాన్ని కొత్తగా తయారుచేసి అమ్ముతుందని ఎదురుచూసినవాళ్లకు చివరికి అందింది ఈ బొమ్మే.

మళ్లీ రావాలా వద్దా అని అడిగితే రావాలనే అంటాను. కాకపోతే చాలామంది కోరుకునే "మినీ" గేమ్‌బాయ్, అంటే లోపల ఇరవై ముప్పై గేములు నింపి మూత బిగించేసిన డబ్బా, నాకు సమ్మతం కాదు. కార్ట్రిడ్జ్ పెట్టే గాడి లేకపోతే అది గేమ్‌బాయ్ కానే కాదు. ఎందుకంటున్నానో తెలియాలంటే దాని పుట్టుక దగ్గరికి వెళ్లాలి.

గున్‌పే యోకోయ్ 1965లో నింటెండోలో చేరేనాటికి అది క్యోటోలో పేకముక్కలు చేసే కంపెనీ. ఆ ముక్కలు చేసే యంత్రాల బాగోగులు చూడటం ఆయన ఉద్యోగం. తీరిక వేళల్లో చేసుకున్న ఒక ఆటవస్తువు యజమాని కంట పడటంతో బొమ్మల తయారీలోకి వచ్చాడు. ఒకసారి రైల్లో ఎవరో ఉద్యోగి ఊసుపోక కాలిక్యులేటర్ బటన్లు నొక్కుతూ కూర్చోవడం చూశాననీ, జేబులో పట్టే ఆట ఆలోచన అక్కడే మొదలైందనీ ఆయనే చెప్పుకున్నాడు. అప్పటికి షార్ప్, క్యాసియో కంపెనీలు కాలిక్యులేటర్ల మీద పోటాపోటీగా ధరలు దించుకుంటూ పోవడంతో చిన్న ఎల్‌సీడీ తెరలు కారుచౌకగా దొరుకుతున్నాయి. 1980లో వచ్చిన గేమ్ అండ్ వాచ్ ఆ చవకలోంచి పుట్టిందే. ఒక్కో పరికరంలో ఒక్కటే ఆట, పక్కన గడియారం. మొత్తం మీద 4.3 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి.

యోకోయ్ పద్ధతి ఒక్కటే. అందరూ వాడి వాడి లోతుపాతులు తెలిసిపోయిన పాత టెక్నాలజీని తీసుకుని, ఎవరూ అనుకోని పనికి వాడటం. కొత్త చిప్ కోసం ఎగబడకూడదు, ఖరీదు పెంచకూడదు, చేతిలోంచి జారి పడినా పనిచేయాలి. గేమ్‌బాయ్ విషయంలోనూ ఆయన మొదట గేమ్ అండ్ వాచ్‌కి తమ్ముడిలాంటి చిన్న వస్తువునే ఊహించాడు. ఆయన కింద పనిచేసే సతోరు ఓకడా ఒప్పుకోలేదు. కార్ట్రిడ్జ్ మార్చుకునే వీలుండాలి, బయటి కంపెనీలు కూడా దీనికి గేములు రాయాలి, ఏళ్ల తరబడి నిలబడాలి అని పట్టుబట్టాడు. చివరికి ఓకడా మాటే నెగ్గింది. ఈ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచే ఘట్టం ఇది. ఆ రోజు యోకోయ్ మొదటి ఊహే గెలిచి ఉంటే గేమ్‌బాయ్ రెండు మూడేళ్ల మోజుగా ముగిసిపోయేది.

1989 ఏప్రిల్ 21న జపాన్‌లో 12,500 యెన్‌లకు విడుదలైంది. తెర మీద అడ్డంగా 160, నిలువుగా 144 చుక్కలు. రంగులు లేవు, పాకుడు పట్టినట్టుండే ఆకుపచ్చలో నాలుగు ఛాయలు మాత్రమే. తెర వెనక లైటు లేదు. చీకట్లో ఆడలేం, ఎండలో మాత్రం హాయిగా ఆడొచ్చు. ఏదైనా వేగంగా కదిలితే వెనకాల మసక తోకలా నీడ మిగిలిపోయేది. అదే ఏడాది వచ్చిన అటారీ లింక్స్‌కీ, 1990లో వచ్చిన సెగా గేమ్ గేర్‌కీ రంగుల తెరలు, వెనక లైట్లు ఉన్నాయి. పక్కపక్కన పెడితే గేమ్‌బాయ్ వెలవెలబోయేది. కానీ ఆ రెండూ ఆరేసి పెన్సిల్ బ్యాటరీలను నాలుగైదు గంటల్లో మింగేసేవి. గేమ్‌బాయ్ నాలుగు బ్యాటరీలతోనే పదిహేను గంటల దాకా వచ్చేది, గేమ్‌ని బట్టి ఇంకా ఎక్కువే. ప్రయాణంలో బ్యాటరీ ఎప్పుడు అయిపోతుందోనన్న టెన్షన్ లేకుండా ఆడుకోగలిగింది దీని మీదే. తెర ఎంత బాగుంటే ఏం, వెలగాలి కదా.

అమెరికాలో పెట్టెతో పాటు ఏ గేమ్ ఇవ్వాలన్న దగ్గర మారియో పేరే ముందు వినిపించింది. హెంక్ రోజర్స్ అనే వ్యాపారి అక్కడి నింటెండో అధిపతి మినోరు అరకవా దగ్గరికి వెళ్లి, పైనుంచి పడే ముక్కల్ని వరసలుగా పేర్చి చెరిపే టెట్రిస్ ఇవ్వమని ఒప్పించాడు. మారియో అయితే పిల్లలే కొంటారు, టెట్రిస్ అయితే ఇంటిల్లిపాదీ ఆడతారన్నది ఆయన వాదన. సోవియట్ యూనియన్‌లో అలెక్సీ పజిత్నోవ్ 1984లో తయారుచేసిన ఆట అది. దాని హక్కుల కోసం రోజర్స్ 1989 ఫిబ్రవరిలో మాస్కో వెళ్లి ప్రభుత్వ సంస్థతో బేరం కుదుర్చుకొచ్చాడు. గేమ్‌బాయ్ టెట్రిస్ ప్రతులే 3.5 కోట్లు అమ్ముడుపోయాయి. పెట్టెలో ఇంకో వస్తువు కూడా ఉండేది: రెండు యంత్రాలను కలిపే లింక్ కేబుల్. నేను నాలుగు వరసలు చెరిపితే నీ తెరలో అడుగు నుంచి వరసలు పైకి పొడుచుకొస్తాయి. ఎదురుగా కూర్చున్నవాడి మొహం అప్పుడు చూడాలి.

ఆ కేబులే ఏడేళ్ల తర్వాత ఈ యంత్రానికి రెండో జన్మ ఇచ్చింది. 1996 నాటికి గేమ్‌బాయ్ పని అయిపోయిందనే అందరూ అనుకున్నారు. చిన్నప్పుడు పురుగులు పట్టి ఆడుకున్న గేముల తయారీదారు సతోషి తజిరికి, ఆ తీగ మీద ఒక పురుగు అటు నుంచి ఇటు పాకుతున్నట్టు ఊహ వచ్చింది. వింత జీవుల్ని పట్టి పోగేసే పోకెమాన్ గేమ్ అలా పుట్టింది. రెండు రంగుల కార్ట్రిడ్జ్‌లు, ఒకదాంట్లో దొరికే జీవి ఇంకోదాంట్లో దొరకదు. మొత్తం పోగెయ్యాలంటే ఇంకొకరితో మార్పిడి చేసుకోవాల్సిందే. మూడు కోట్లకు పైగా కార్ట్రిడ్జ్‌లు అమ్ముడయ్యాయి. యోకోయ్ 1996లో నింటెండో వదిలేసి, మరుసటి ఏడాది అక్టోబరులో రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. యంత్రం మాత్రం పాకెట్, లైట్, కలర్ అంటూ రూపాలు మార్చుకుంటూ వెళ్లింది. గేమ్‌బాయ్, గేమ్‌బాయ్ కలర్ కలిపి 11.8 కోట్లకు పైగా అమ్ముడుపోయాయి.

2001లో గేమ్‌బాయ్ అడ్వాన్స్ వచ్చింది. పాత కార్ట్రిడ్జ్‌లు దాంట్లోనూ ఆడేవి. 2003లో వచ్చిన మడత మోడల్ ఎస్పీలోనూ ఆడేవి. 2005లో మైక్రో వచ్చేసరికి పాత గేమ్‌బాయ్ కార్ట్రిడ్జ్‌లు పట్టలేదు. నింటెండో డీఎస్ అనే మరో చేతి యంత్రం అడ్వాన్స్ కార్ట్రిడ్జ్‌లను మాత్రం తీసుకునేది, 2008లో దాని కొత్త మోడల్ డీఎస్ఐతో ఆ గాడి కూడా పోయింది. పదహారేళ్ల పాటు ఒక దానిలోంచి ఇంకో దానిలోకి చేయి మారుతూ వచ్చిన ఆటలకు దారి మూసుకుపోయింది ఇలాగే, చప్పుడు లేకుండా.

తర్వాత పాత యంత్రాలకు మళ్లీ గిరాకీ వచ్చింది. 2016 నవంబరులో నింటెండో, టీవీకి తగిలించే తన పాత యంత్రం ఎన్ఈఎస్‌ని చిన్నదిగా చేసి, 30 గేములతో ఎన్ఈఎస్ క్లాసిక్ పేరిట 60 డాలర్లకు తెచ్చింది. 23 లక్షలు అమ్మి, జనం ఇంకా అడుగుతుండగానే 2017 ఏప్రిల్‌లో ఆపేసి, 2018లో మళ్లీ తెచ్చింది. వెనకాలే సోనీ కూడా ప్లేస్టేషన్ క్లాసిక్ తెచ్చింది గానీ, గేముల ఎంపిక నచ్చక, కొన్ని గేములు యూరప్ రకంవి కావడంతో నెమ్మదిగా నడవడం వల్ల అది చతికిలబడింది, ధర తెగ్గోయాల్సి వచ్చింది. చేతిలో పట్టే యంత్రాల్లో ఈ దారిన గట్టిగా ప్రయత్నించింది సెగా. 2020 అక్టోబరులో గేమ్ గేర్ మైక్రో వచ్చింది. తెర 1.15 అంగుళాలు. నాలుగు రంగులు, ఒక్కో రంగులో నాలుగేసి గేములు మాత్రమే. అక్షరాలు కనబడక, తెర మీద బిగించుకునే భూతద్దాన్ని కూడా ఆ కంపెనీయే చేసింది.

తప్పు సెగా ఒక్కదానిదే అనను. టీవీకి తగిలించే యంత్రాన్ని ఎంత చిన్నది చేసినా చేతిలో ఉండే కంట్రోలర్ చిన్నదవదు, చూసే టీవీ చిన్నదవదు. చేతి యంత్రం అలా కాదు. దాని ఒళ్లే కంట్రోలర్, దాని ఒళ్లే టీవీ. ముద్దుగా ఉంటుందని దాన్ని కుదిస్తే వేళ్లూ కళ్లూ రెండూ ఇబ్బంది పడతాయి.

పాత గేముల్ని కొత్త తెర మీద ఆడించడంలో ఇంకో చిక్కు ఉంది. గేమ్‌బాయ్ తెర మందకొడిదని అప్పటి ప్రోగ్రామర్లకు బాగా తెలుసు. ఒక బొమ్మ పారదర్శకంగా కనబడాలంటే, దాన్ని ఒక ఫ్రేములో చూపించి తర్వాతి ఫ్రేములో దాచేవారు. తెర ఆ రెంటినీ కలిపేసి మసకగా, అవతలిది కనిపించేలా చూపేది. అదే గేమ్‌ని ఇప్పటి చురుకైన తెర మీద పెడితే ఆ బొమ్మ టపటపా మిణుకుతుంది. అడ్వాన్స్ గేముల్లో ఇంకోలా. మొదటి అడ్వాన్స్‌కి లైటు లేదు కాబట్టి, కనబడాలని రంగులు కావాలనే ముదురు తగ్గించి వేశారు. లైటున్న తెర మీద అవి వెలిసిపోయిన బట్టలా కనిపిస్తాయి. అంటే అప్పటి లోపాల్ని కూడా లెక్కేసుకునే ఆ గేములు తయారయ్యాయన్నమాట. ఫోన్‌లో ఎమ్యులేటర్ (పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రామ్) ఉండగా ఇదంతా ఎందుకనేవాళ్లున్నారు. 2024 ఏప్రిల్‌లో ఆపిల్ కూడా తన స్టోర్‌లో పాత గేముల ఎమ్యులేటర్లకు తలుపు తీసింది. నేనూ వాడతాను. అద్దం మీద గీసిన బటన్ బొటనవేలికి తగలదు. టెట్రిస్‌లో చివరి క్షణంలో ముక్క తిప్పాల్సి వచ్చినప్పుడు ఆ తేడా తెలుస్తుంది.

ఇక అసలు విషయం. యంత్రాన్ని మళ్లీ చేయడం ఇప్పుడు కష్టం కాదు, ఇప్పటికే చేశారు కూడా. 2021 డిసెంబరులో ఎనలాగ్ అనే కంపెనీ పాకెట్ తెచ్చింది. లోపల ఎఫ్‌పీజీఏ ఉంటుంది, అంటే తన తీగల అల్లికనే పాత చిప్‌లా మార్చుకోగల చిప్. దాని తెరలో 1600 గుణించు 1440 చుక్కలు, అసలుదానికి అటు పది రెట్లు ఇటు పది రెట్లు. అందుకే పాత తెరలోని ఒక్కో చుక్కా పాత మసకతో సహా అచ్చంగా దిగుతుంది. 2024లో మోడ్‌రెట్రో క్రొమాటిక్ వచ్చింది. దాని తెర సరిగ్గా 160 గుణించు 144, కొత్త టెట్రిస్ కార్ట్రిడ్జ్ పెట్టెలోనే వచ్చింది. ధర 200 డాలర్లు. రెంటికీ కార్ట్రిడ్జ్ గాడి ఉంది, లింక్ కేబుల్ రంధ్రం ఉంది. పేటెంట్ల గడువు ఇరవై ఏళ్లే కాబట్టి 1989 నాటి యంత్రాన్ని పోలిన దాన్ని ఎవరైనా చేయగలుగుతున్నారు. గేముల కాపీరైట్ అలా కాదు. ఇలా కంపెనీలు చేయించిన పనులకు అమెరికాలో ప్రచురణ నుంచి 95 ఏళ్లు.

అసలు చిక్కు ఇక్కడే. గేమ్‌బాయ్‌కి వెయ్యికి పైగా గేములు వచ్చాయి. వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తీస్తే, గేమ్‌బాయ్ కుటుంబం గేముల్లో అమెరికాలో మామూలుగా కొనుక్కోగలిగినవి ఆరు శాతం కూడా లేవు. ఆ ఏడాది ఫిబ్రవరిలో నింటెండో తన స్విచ్ యంత్రం చందాదారులకు కొన్ని గేమ్‌బాయ్ గేములు తెరిచింది. చందా ఆపితే అవీ ఆగిపోతాయి. మార్చి 27న తన మరో చేతి యంత్రం 3డీఎస్ ఆన్‌లైన్ దుకాణం మూసేసింది. పాత గేమ్‌బాయ్ గేముల్ని డౌన్‌లోడ్ చేసుకుని ఉంచుకునేలా విడివిడిగా అమ్మింది ఆ దుకాణమే. రెండు నెలలు తిరక్కుండానే కొనుక్కోవడం పోయి అద్దెకు తీసుకోవడం మిగిలింది. మిగతా గేములకు అడ్డంకులు నిజమైనవే: కొన్ని కంపెనీలు లేవు, కొన్ని సినిమా, కార్టూన్ లైసెన్సుల గడువు తీరింది, కొన్నిటి హక్కులు ఎవరి దగ్గరున్నాయో తేల్చడమే పెద్ద పని. కానీ నింటెండో సొంతంగా చేసిన గేములకు ఈ సాకులేవీ వర్తించవు.

అసలు కార్ట్రిడ్జ్‌లు ఉన్నవాళ్లకూ కాలం కలిసిరావడం లేదు. చాలా వాటిలో ఆట ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుంచుకునేది నాణెమంత బ్యాటరీ. అది అయిపోతే ఏళ్ల కిందటి ఆట చెరిగిపోతుంది. పాత యంత్రాల తెరల్లో నిలువు గీతలు మాయమవుతుంటాయి. లోపల తెర అంచున అతికించిన సన్నటి పట్టీ పట్టు వదిలితే అలా అవుతుంది. బాగుచేసేవాళ్లు ఆ పట్టీ మీద వేడి సోల్డరింగ్ ఐరన్‌ని మెల్లగా అటూ ఇటూ జరుపుతారు. పోయిన గీతలు ఒక్కొక్కటే తిరిగొస్తాయి. ఒక్క సెకను ఎక్కువ ఆపితే పట్టీ మాడిపోతుంది. ఇలా ఓపిగ్గా బతికించుకుంటున్న యంత్రాల కోసం ఈరోజుకీ కొత్త గేములు రాస్తున్నారు. 2019లో వచ్చిన జీబీ స్టూడియోతో ప్రోగ్రామింగ్ రాకపోయినా గేమ్ చేయొచ్చు, దాన్ని నిజం కార్ట్రిడ్జ్‌లో వేసుకోవచ్చు.

నింటెండో తేవాల్సింది అసలు పరిమాణంలో ఉండి, గాడి ఉండి, ఇద్దరిని కలిపే తీగ ఉండి, పక్కనే తన సొంత పాత గేముల్ని కార్ట్రిడ్జ్‌లుగా మళ్లీ అచ్చేసి అమ్మే గేమ్‌బాయ్. 1989లో కొన్న టెట్రిస్ కార్ట్రిడ్జ్‌ని ఎనలాగ్ పాకెట్ తీసుకుంటుంది, క్రొమాటిక్ తీసుకుంటుంది. నింటెండో ఈరోజు అమ్ముతున్న యంత్రాల్లో ఒక్కటీ తీసుకోదు.